తూములో నూలుండ

రెండో మగ్గం మీద తెగిన పోగును ముడేసి గురప్ప నిలబడిపోయాడు. ఒక్క ముడికి రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. నగరిలో ఆ షెడ్డులో ముప్పై ఏళ్లుగా నాలుగు మరమగ్గాల మధ్య చకచకా తిరిగిన మనిషి, ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. కాళ్లు ఉబ్బి చెప్పుల్లో దూరడం లేదు. లుంగీ ముడి మీదికి పొట్ట జారింది. కళ్లు పచ్చబడ్డాయి.

ఇక ఊరు ఊరుకుంటుందా? లివరు చెడిందంటే తాగుబోతని తేల్చేసింది. పక్క మగ్గం మునికుమార్ రోజుకెన్ని క్వార్టర్లని వేళాకోళం చేసేవాడు. పాపం, చుక్క ముట్టని మనిషి! ముట్టనని పెళ్లినాడు చర్చిలో కృపామణికి మాటిచ్చాడు. ఆమె నాయన తాగి తాగి, ఇదే పొట్టతో ఇవే పచ్చకళ్లతో పోయాడు మరి. అందుకే ఆమె ఇప్పుడు కాఫీ ఇచ్చే నెపంతో వంగి గురప్ప నోరు వాసన చూస్తోంది. ఊరు ఎన్నన్నా నవ్వేసేవాడు గానీ, ఇది మాత్రం అతను మింగలేకపోయాడు.

పోయిన వారం తిరుపతిలో డాక్టరు రొమ్ము మీద మిషను పెట్టి చూసి, అసలు జబ్బు గుండెదన్నాడు. గుండెదైతే లివరెందుకు చెడిందని గురప్ప వదలకుండా అడిగాడు. గుండెకు తోడే బలం తగ్గితే, దానిలోకి రావలసిన రక్తం వెనకాలే ఆగి లివరులో నిండుతుందని, నిండి నిండి అదీ పాడవుతుందని ఆయన ఓపిగ్గా చెప్పాడు. బస్సు వడమాలపేట దాటినా, పుత్తూరు దాటినా గురప్పకు అదే ధ్యాస. ఒంట్లో ఇంత తమాషా ఉందా అని పొట్ట తడుముకున్నాడు. ఇంటికొచ్చి చెబితే కృపామణి వింటేనా! డాక్టరు మొహమాటానికి అన్నాడనేసింది.

అందుకని ఈ మధ్యాహ్నం షెడ్డులో పారేసిన వేస్టు నూలు పిడికెడు ఉండచుట్టి ఇంటికి తెచ్చాడు. పెరట్లో అంట్లు తోమే జాలాడి తూములో దాన్ని కూరి, కృపామణిని పిలిచి, బిందెడు నీళ్లు కుమ్మరించాడు.

"సూడు. ఈ తూము నా గుండె. నీళ్లు యాడ నిలిచినాయి?"

"ఈడ."

"అదే నా లివరు. నేను తాగలేదు కృపా."

ఆమె ఖాళీ బిందె చంకనెత్తుకుంది.

"నువ్వు నోట్లో ఏం పోసుకొనేది తూముకేం తెలుస్తాది," అని లోపలికి పోయింది.

గురప్పకు కోపం రాలేదు. నీళ్లు ఉండ సందుల్లోంచి సన్నగా జారిపోతున్నాయి. తన గుండె కూడా ఇంతే కాబోలు, పూర్తిగా ఆగలేదు అనుకున్నాడు. సాయంత్రం ఇంకోసారి చూపిద్దామని ఉండను అట్లాగే వదిలేశాడు. పడుకుంటే ఊపిరాడదు గనక గోడకానుకుని కళ్లు మూశాడు.

నాలుగింటికి కృపామణి కాఫీ తెచ్చింది. అలవాటుగా వంగి వాసన చూసింది. వాసన లేదు. ఊపిరీ లేదు.

పొద్దుగూకే లోపు అందరూ వచ్చారు. జాలాడి పక్కన బల్ల వేసి గురప్పకు స్నానం చేయిస్తుంటే నీళ్లు పోక చుట్టూ నిలిచిపోయాయి. కృపామణి పాదాలు మునిగాయి. తూములో ఏదో అడ్డం పడిందన్నాడు మునికుమార్. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. అతన్ని పక్కకు జరగమని, తనే కూచుని, మోచేతి దాకా చెయ్యి పెట్టి నూలుండను బయటికి లాగింది.

"మా ఆయన తాగలేదప్పా," అంది అందరికీ వినబడేట్టు.

నీళ్లన్నీ పోయాక కూడా, జాలాడి గట్టు మీద ఆ నూలుండ కారుతూనే ఉంది.