ఫోన్లో మనమ్మాయే

రేపల్లె నుంచి తెనాలికి ఒక రైలు, తెనాలిలో మారి బాపట్లకు ఇంకో రైలు. రోజూ ఇదే చాకిరీ. లిడియా బయలుదేరేసరికి కూతురు నిద్ర లేవదు, తిరిగొచ్చేసరికి మళ్ళీ నిద్రపోయి ఉంటుంది. బాపట్లలో తను పనిచేసే బడి దగ్గర ఇల్లు దొరికితే, పిల్ల మెలకువగా ఉండగా మొహం చూసుకోవచ్చు. ఆ ఒక్క ఆశతోనే ఇళ్ళ కోసం తిరుగుతోంది.

దొరికితేగా! ఆమె తండ్రి ఆశీర్వాదం కొలకలూరు మనిషి. మిలటరీలో ఉండగా మిజోరం అమ్మాయిని చేసుకున్నాడు. లిడియాకు తల్లి మొహం వచ్చింది, మాట మాత్రం నాయనమ్మ రాజమ్మది. పుట్టి పెరిగింది కొలకలూరులో, బడిలో చెప్పేది తెలుగు పాఠాలు. అయినా సరే, ఆటోవాడు "కహాఁ జానా?" అంటాడు. కూరగాయలావిడ వేళ్ళు చూపించి ధర చెబుతుంది. ఇంటివాళ్ళేమో "బ్యూటీ పార్లరా?" అనడిగి తలుపేస్తారు. తెలుగులో జవాబిస్తే, "అబ్బ, ఎంత బాగా నేర్చుకున్నావు!" అని ఒకటే మెచ్చుకోలు. ఛీ, ఆ మాట వింటేనే ఒళ్ళు మండిపోతోంది.

ఈసారి ముందుగా ఫోను చేసింది. ఇంటావిడ నిర్మల రిటైరైన టీచరు, లిడియా వాళ్ళలాగే లూథరన్ క్రైస్తవురాలు.

"కొలకలూరా! అయితే మనమ్మాయివే. 'మీరేమిట్లు' అని కులమడిగి మా మొహానే తలుపులేసేవాళ్ళమ్మా ఒకప్పుడు. అందుకే నేనెవర్నీ ఆ మాటడగను. సాయంత్రం వచ్చెయ్," అందావిడ.

లిడియాకు ప్రాణం లేచొచ్చింది. బడి అవగానే పరుగెత్తింది. నిర్మల గేటు దాకా వచ్చి, ఈమె నోరు తెరవకముందే చెయ్యి అడ్డంగా ఊపింది.

"ఘర్ నహీ. అయిపోయా. జావ్, జావ్!" అని వచ్చీరాని హిందీలో చెప్పి లోపలికెళ్ళి తలుపేసుకుంది.

లిడియా గేటు బయటే నిలబడి ఫోను తీసింది.

"అమ్మగారూ, పొద్దున మాట్లాడిన లిడియానండి. ఇల్లుందాండి?"

"నీకోసమే అట్టిపెట్టానమ్మా. ఇప్పుడే ఎవరో నేపాలీ పిల్లొస్తే పంపించేశా. అట్లాంటోళ్ళకిస్తే ఇంకేమన్నా ఉందా? ఎక్కడున్నావు తల్లీ?"

"మీ గేటు దగ్గరేనండి. మీరు పంపించేసింది నన్నేనండి."

తలుపు తెరుచుకుంది. నిర్మల చెవి దగ్గర ఫోను అలాగే ఉంది, మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏదో ఒకటి అనాలి గనక అనేసింది.

"అయ్యో... తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నావమ్మా!"

గిరుక్కున తిరిగి వెళ్ళిపోదామనుకుంది లిడియా. కూతురు గుర్తొచ్చింది. గేటు తోసుకుని లోపలికి నడిచింది.

"మీ తెలుగూ బానే ఉందండి," అంది. "ఇల్లు చూపించండి."