కజ్జికాయల చెక్క

సింహాచలమ్మ మొగుడు పందిమాంసంతో కజ్జికాయలు చేస్తున్నాడని తాల్‌బగీచా పేటంతా చెప్పుకుంటోందట. కుళాయి దగ్గర పక్కింటి నూకాలమ్మ ఆ మాట అనగానే సింహాచలమ్మ బిందె వదిలేసి ఇంటికి పరుగెత్తింది. వెనకే నూకాలమ్మ కూడా వచ్చింది.

ఆమె మొగుడు అప్పలకొండ పటాలంతో కొరియా వెళ్లి, యుద్ధఖైదీలకు కాపలా కాసి, అక్కడివాళ్ల మాండూలు వేయించడం నేర్చుకొచ్చాడు. మాంసం, క్యాబేజీ, వెల్లుల్లి కలిపిన ముద్దను మైదాపూరీలో పెట్టి, చెక్కలో నొక్కి, నూనెలో వేస్తున్నాడు. సింహాచలమ్మ ఆ చెక్కను గుర్తుపట్టింది. ఏటా అమ్మవారికి కజ్జికాయలు దానితోనే ఒత్తి వీధంతా పంచుతుంది. ఇప్పుడు దాని పళ్ల సందుల్లో పందికొవ్వు పేరుకుంది.

"థూ! నా సెక్కే దొరికిందేటి నీకు? ఇంక నా సేతి పెసాదం ఎవులు తింతారు?"

"నానైతే సచ్చినా తిన్ను," అని నూకాలమ్మ కొంగుతో ముక్కు మూసుకుంది. "దీంతో సేసింది కుక్కయినా ముట్టదు."

అప్పలకొండ జల్లిగరిటెతో మాండూలను తిరగేశాడు.

"మొన్న మా ఇంటిది పలాస ఎల్లినప్పుడు కూడా ఈ సెక్కతోనే సేసినాను వదినా. ఆ తరవాతే ఇది అమ్మోరి కజ్జికాయలు ఒత్తింది. నువ్వు రెండుసార్లు అడిగి మరీ తిన్నావు."