నిండిపోయిన బొగ్గు

నేను ఒక బొగ్గుగింజను. మిరియమంత ఉంటాను. కోనసీమలో కొబ్బరిచిప్పగా పుట్టాను. కొబ్బరి ఒలుచుకున్నవాళ్లు నన్ను పారేస్తే, ఇంకెవరో ఏరుకెళ్లి గోతిలో కాల్చారు. ఆ పైన కొలిమిలో ఎర్రగా మండుతున్నప్పుడు నాలోకి ఆవిరి పంపారు. అది నా లోపల కంటికి కనపడని గదులు తవ్వింది. మాబోటి గింజలు చెంచాడు తీసుకుని, లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే అరెకరం కప్పుతాయట. మనుషులకు నాలో కావలసింది ఆ ఖాళీ ఒక్కటే.

నన్ను తెలంగాణలో ఒక ఊరి నీళ్ల ప్లాంటుకు తెచ్చారు. ఆ ఊరికి ఎగువన మందుల ఫ్యాక్టరీలున్నాయి. బోరు నీళ్లలో వాటి మిగుళ్లు కలిసేవి. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఏ వైద్యుడూ రాసివ్వని మాత్రలను ఊరంతా రోజూ కాస్త కాస్త మింగుతోంది. అలా కొద్దికొద్దిగా మింగితే ఒంట్లోని క్రిములు మందులకు అలవాటుపడి, ఇక వాటికి లొంగవట. ఆ మందుల్ని పట్టి ఉంచడమే నా పని. మొదలుపెట్టిన రోజు నేనున్న ట్యాంకు ముందు సర్పంచ్ బుచ్చిరెడ్డి కొబ్బరికాయ కొట్టాడు. నా జాతిదాన్ని నా ఎదుటే పగలగొట్టి నాకే దండం పెట్టారు.

ప్లాంటు నడిపేది సోమక్క. ఆమె భర్త పోశెట్టికి చక్కెర జబ్బు. కాలి బొటనవేలికి పుండు, ఎంతకీ మానదు. పొద్దున్నే వచ్చి ప్లాంటు అరుగు మీద కాలు చాపుకుని కూర్చునేవాడు. అతనికి మొదటి బిందె పట్టాకే ఆమె ఊరికి నీళ్లు వదిలేది.

నీళ్లు పరీక్షించే నస్రీన్ మేడం మొదట్లోనే చెప్పింది. "అక్కా, ఈ మీటర్‌లో ఉప్పులే కనిపిస్తాయి, మందులు కనిపించవు. నీళ్లు బాగున్నాయనిపించినా సరే, ఆరు నెలలకు బొగ్గు మార్చెయ్యి."

ఆరో నెల వచ్చింది. కొత్త బొగ్గు బస్తాలు వచ్చి గది మూలన కూర్చున్నాయి. అప్పుడే శుక్రమూఢం కూడా వచ్చింది.

"మూఢంల కొబ్బరికాయ ఎట్ల కొడ్తం సోమక్కా? రెండు నెల్లు ఆగు," అన్నాడు సర్పంచ్. గ్లాసు నీళ్లు తాగి మూతి తుడుచుకున్నాడు. "కొబ్బరినీళ్ల లెక్కున్నయ్. ఏం ఖరాబైనయని మారుస్తవ్?"

"నీళ్లకు గూడ మూఢముంటదా పటేలా?"

"అన్నిటికీ ఉంటది. నీ నోటికే లేదు."

అరుగు మీద పోశెట్టి పగలబడి నవ్వాడు. సోమక్కా నవ్వింది.

సర్పంచ్ వెళ్లాక ఆమె బస్తా దగ్గరికి వచ్చింది. మూతి కుట్టిన దారం కొస పట్టుకుంది. "మంచిగ లేని దినాలల్ల నేను చెయ్యివెట్టి, రేపు ఆయన కాలుకేమన్నయితే…" అని తనలో తానే అనుకుని దారం వదిలేసింది. ఆమెను ఆపింది సర్పంచ్ మాట కాదు. ఏ కాలు మానాలని ఆమె రోజూ మొదటి బిందె పట్టేదో, ఆ కాలు కోసమే ఆ దారం తెగలేదు.

నేను అప్పటికే నిండిపోయాను. మనుషులు నా పనిని శుద్ధి అంటారు. నిజానికి నేను దేన్నీ శుద్ధి చేయలేదు, దాచుకున్నాను. జ్వరం మందును ఒక గదిలో, పుండు మానడానికి వాడే మందును ఇంకో గదిలో. దాచుకుంటే పోయినట్టే అనుకున్నాను. కానీ నిండిన ఇంట్లోకి బలమైనవాడు జొరబడితే బక్కవాడు బయటపడతాడు. కొత్తగా వచ్చిన మందులు పాతవాటిని తోశాయి. నేను ఆరు నెలలు అణచిపెట్టినవి ఒక్కొక్కటే జారి, మొదటి బిందెలోకి వెళ్లాయి. మీటరు ఎప్పటి అంకే చూపించింది. సోమక్క ఆ అంకె చూసి తృప్తిగా తల ఊపేది. కేకవేయడానికి నాకు నోరు లేదు. ఉన్నా వేసేదాన్నా? నిండిపోయానని ఒప్పుకోవడం అంత తేలికా?

మూఢం ఇంకా పది రోజులుందనగా పోశెట్టి అరుగు మీదికి రావడం మానేశాడు. ఏ మందుకూ ఆ పుండులోని క్రిములు లొంగలేదట. పట్నం ఆసుపత్రిలో వేలు తీసేశారు.

నస్రీన్ నీళ్లు పట్టుకెళ్లి పరీక్ష చేయించి, వాటిలో మందులున్నాయని రాసిన కాగితంతో వచ్చింది. సోమక్క కాగితం వైపు చూడలేదు.

"గీ నీళ్లతోనేనా మేడం?"

"చెప్పలేనక్కా. కావచ్చు, కాకపోవచ్చు. పుండు ముందు నుంచీ ఉంది కదా."

"కాదని చెప్పరాదు?"

నస్రీన్ కాగితం మడిచింది. అవుననీ కాదనీ నాకూ తెలియదు. ఏ బిందెలోకి ఏది వదిలానో నాకు గుర్తు లేదు.

సోమక్క లేచి, సర్పంచ్‌కు కబురు పెట్టకుండా, మూఢంలోనే, కొబ్బరికాయ లేకుండానే, కొత్త బస్తా దారం పళ్లతో కొరికి తెంపింది. ట్యాంకు విప్పి మమ్మల్ని తట్టలతో ఎత్తి ఖాళీ సంచుల్లో పోసింది. చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి.

ఇప్పుడు సంచిలో, వ్యానులో ఉన్నాను. మళ్లీ కొలిమికి వెళ్తున్నాను. ఎక్కించేటప్పుడు సోమక్క డ్రైవర్‌ని అడిగింది.

"కాలిస్తె ఇయ్యి మళ్ల కొత్తగైతయా?"

"అయితయక్కా. లోపలున్నదంత కాలిపోతది. ఏం మిగలది."

"అదృష్టమంటే వీటిది," అంది సోమక్క. సంచి మూతి గట్టిగా ముడేసింది. ముడి పడ్డాక కూడా చాలాసేపు దాన్ని వదల్లేదు.