పత్తి ముందు వాడిన చోటు

అమ్మా నేనూ మిరపకాయల తొడిమలు తీస్తున్నాం. వేళ్ళు మండుతున్నాయి. ఇంటి ముందు మోటారు సైకిల్ ఆపి ఫిలిప్ సారు దిగాడు. మా ఊరి పక్కన కట్టిన ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన సివిల్ లెక్చరరు.

పోయినేడు మార్చిలో అకాల వర్షం పడితే కాలేజీ నీళ్ళన్నీ పైపులోంచి మిరపకాయలు ఆరబోసిన మా కల్లం మీదికి వచ్చాయి. పైన పట్టాలు కప్పాం గానీ నీళ్ళు కింది నుంచి తగిలాయి. కాయంతా తెల్లబడి తాలైపోయింది. అడగబోయిన నాన్నతో ఈయనే గేటు దగ్గర, "పల్లంలో కల్లం ఎవడు చేసుకోమన్నాడయ్యా?" అని నవ్వాడు. నాన్న చూపించిన తాలుకాయలు కింద పడితే, "ఏరుకుని పో, గేటు పాడవుద్ది" అన్నాడు. నాన్న వంగి ఏరుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను.

"మాలిక్ గారు ఉన్నారామ్మా?" అని నాన్న కోసం అడిగాడు.

"గారంట!" అని అమ్మ నాకు మాత్రమే వినబడేలా గొణిగి, "దొడ్లో నీళ్ళు పోసుకుంటున్నారండి. మా షాహిస్తాతో చెప్పండి" అంది.

వచ్చే నెల కాలేజీని తనిఖీ చేసే కమిటీ వస్తుందట. వాన నీరు చుక్క కూడా కాలేజీ దాటి పోకూడదట. అందుకని పైపు మూసేశారు. గడ్డి కాలవలు తీసి, మొక్కలు నాటి, ఇంకుడు గుంతలు తవ్వారు. మొన్నటి వానకు ఆ గుంతలు నిండి, ఇంకకుండా అలాగే నిలిచాయి.

"అంతా రేగడే తగులుతోంది. నీళ్ళు ఇంకే గరప నేల ఎక్కడుందో చెప్పండమ్మా. అదంతా మీరు కౌలుకు చేసిన నేలేగా. ఈసారి తప్పు జరిగితే నా ఉద్యోగం పోద్ది."

గరప ఉన్నచోట పత్తి ముందు వాడుతుంది. తూర్పు గట్టు వెంట ఏటా అలాగే వాడేది. పడమటి మూల చివరిదాకా పచ్చగా ఉండేది. అక్కడ రేగడి ఎంత లోతో ఎవరికీ తెలియదు.

"పడమటి మూల సార్. పత్తి అక్కడే ముందు వాడేది."

అమ్మ చెయ్యి ఆగింది.

"ఖాయమేనా?"

"బడి లేనప్పుడల్లా అక్కడే పత్తి తీశాను సార్."

"మంచిదే. ల్యాబుల కప్పు మీది నీళ్ళు కూడా అటే పంపొచ్చు" అని ఆయన సంబరపడ్డాడు. ల్యాబులు అటే ఉన్నాయని నాకూ తెలుసు, గుంత ఇంకకపోతే ఆ నీళ్ళు ఎటు పోతాయో కూడా.

దొడ్డి గుమ్మంలో నాన్న తడి తువ్వాలుతో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

"మాలిక్ గారూ, మీరే దగ్గరుండి తవ్వించాలి. ఇవాళే మొదలెడదాం."

నాన్న ఒక్క మాటంటే చాలు, నా అబద్ధం బయటపడుతుంది. నాన్న నా వంక చూశాడు, తర్వాత ఫిలిప్ సారు బూట్ల వంక చూశాడు. మూలనున్న గునపం తీసి భుజాన పెట్టుకుని, ఇల్లు దాటి, పడమటి మూలకు పోయే దారి పట్టాడు.