గొలుసుకట్టు కాగితం

పదిగంటల బస్సులో దిగాల్సింది సహకార శాఖ ఇన్‌స్పెక్టరు. అదే బస్సు ఎక్కిపోవాల్సింది నా చెల్లెలు. బస్సు మా కాలనీ ముందు ఆగి, పై ఊరి దాకా పోయి, గంటకు తిరిగి వస్తుంది. అంటే నాకున్నది ఒక్క గంట. ఆ పొద్దున నేను రెండుసార్లు పళ్ళు తోముకున్నాను, మొదటిసారి తోమిన సంగతి మరిచిపోయి.

ఇది 1963 నాటి మాట. పోచంపల్లికి రెండు మైళ్ళ అవతల ఇరవై నాలుగు ఇళ్ళ కాలనీ మాది. అందరం నేత పనివాళ్ళమే. సంఘం పెట్టుకుని, సర్కారు చేయూతతో కట్టుకున్న ఇళ్ళు. రెండు వరుసల ఇళ్ళ నడుమ చదునుగా ఒక పొడుగాటి జాగా వదిలిపెట్టారు. అది ఏ ఒక్కరిదీ కాదు, సంఘానిది. దాన్ని పడుగుబాట అనేవాళ్ళం. తూర్పు కొసన ఒక రాయి, పడమటి కొసన ఒక రాయి. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు దారాలను ఆ రాయి నుంచి ఈ రాయికి బిగించి కట్టి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. కాలనీలో ఏ ఇంటి పడుగైనా అదే కొలత, ఇరవై అయిదు బారలు. తూర్పు రాయి దగ్గర నేను, పడమటి రాయి దగ్గర నా చెల్లెలు యాదలక్ష్మి. ఆరేళ్ళుగా అదే లెక్కన నిలబడ్డాం. ఆమె మాట్లాడితే నాకు వినబడదు కానీ, దారం అదిరితే ఆమె నవ్వుతోందని నాకు తెలిసేది.

మూడేళ్ళుగా సంఘానికి ప్రెసిడెంటు సిద్దిరాములు. పడమటి కొసన ఆయన ఇల్లు. ఆ ఏడు వానాకాలంలో ఆయన ఇంటి ముందుకు ఒక గది లేచింది. పడుగుబాటలోకి మూడు బారలు జరిగింది. పడమటి రాయి గది గోడ కిందికి వచ్చి కూర్చుంది. అడిగితే, "రాయి ఎప్పుడు ఈడనే ఉండె" అన్నాడు.

ఆనాటి నుంచి మాకు పడుగు పరిచే జాగా లేదు. రోడ్డు మీద పరిస్తే పక్కింటి జానమ్మ వాళ్ళ పడుగును బర్రె తొక్కి, తోకతో సహా చుట్టుకుని చెరువు దాకా లాక్కుపోయింది. చెల్లెలి కొడుకు ధర్మయ్య విసిగిపోయాడు. భివండిలో పవర్‌లూములున్నాయి, అక్కడ పడుగుబాట అక్కర్లేదు, తల్లిని తీసుకుని పోతానన్నాడు.

నాకు మనుషులు పోవడమంటే భయం. మా అన్న షోలాపూరు పోయాడు, ఒక్క ఉత్తరం వచ్చింది. నా పెనిమిటి బొంబాయి మిల్లుకు పోయాడు, ఆయన పెట్టె మాత్రం తిరిగి వచ్చింది. ఇద్దరినీ సాగనంపింది నేనే. ఇప్పుడు చెల్లెలు. పైగా ఈసారి సాగనంపడం కాదు, తరిమేయడం. ఎందుకంటే తప్పు నాది. ఆ సంగతి ఒక్క సిద్దిరాములుకే తెలుసు.

నేను బడికి పోలేదు. కిరాణా పొట్లాలు విప్పి, ఆ కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఆషాఢంలో ఒకనాడు సిద్దిరాములు కాగితం పట్టుకుని మా అరుగు మీదికి వచ్చాడు. "అక్కా, కాలనీల చదువొచ్చిన ఆడమనిషివి నువ్వొక్కదానివే. పడుగుబాటల లైటు కోసం దరకాస్తు. నువ్వు జూసి సంతకం వెడితే మిగిలినోళ్ళు నీ యెనక వేలేస్తరు" అన్నాడు.

కాగితం చేతికిచ్చాడు. అది చేతిరాత, గొలుసుకట్టు. అక్షరాలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పరుగెత్తుతున్నాయి. నాకు వచ్చింది అచ్చు అక్షరాలే. ఆ రాతలో "శ్రీ" తప్ప ఒక్క ముక్క తెలియలేదు. చుట్టూ పదిమంది ఆడవాళ్ళు నా మొఖం చూస్తున్నారు. రాదని చెప్పడానికి నోరు రాలేదు. చదివినట్టు కళ్ళు పై నుంచి కిందికి తిప్పాను, తల కూడా ఊపాను. సంతకం పెట్టాను. నా వెనక పందొమ్మిది బొటనవేళ్ళు పడ్డాయి.

అది లైటు దరకాస్తు కాదని గోడ లేచాక, సిద్దిరాములు నన్నొక్కదాన్నే పిలిచి నా సంతకం చూపించాక గానీ తెలియలేదు. అప్పుడు సహకార శాఖకు ఒక కార్డు రాశాను, ఒక్కో అక్షరం విడివిడిగా. ప్రెసిడెంటు జాగా ఆక్రమించాడని రాశాను. నా సంతకం సంగతి మాత్రం రాయలేదు.

బస్సు వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఇస్రాయేలు సారు గొడుగూ సంచీ పట్టుకుని దిగాడు. సిద్దిరాములు అప్పటికే కుర్చీ వేయించి, చాయ్ తెప్పించాడు. చెల్లెలి ఇంటి ముందు మూడు మూటలు. మూటల మీద చుట్టిన పడుగు ఒకటి. వానల ముందు చిటికి కట్టి, అంటే దారాలకు ముడులు బిగించి, అద్దకం చేసినది, గంజి పెట్టే జాగా లేక అట్లాగే ఉండిపోయింది.

"ఇది నీకే అక్కా" అంది యాదలక్ష్మి. "భివండిల నేనేం జేసుకుంట?"

"జర ఆగు. బస్సు మళ్ళొచ్చేదాక ఆగు."

"ఆగక ఎగిరిపోతనా?" అని నవ్వింది. కళ్ళు మాత్రం నవ్వలేదు.

ఇన్‌స్పెక్టరు చాయ్ ముట్టలేదు. సిద్దిరాములు అందించిన కాగితం నిలబడే విప్పాడు. "ఇందులో ఏముందంటే, రాయి మొదటి నుంచి ఇక్కడే ఉంది, బాట ఇరవై రెండు బారలే, ప్రెసిడెంటు గారి గదికి మాకు అభ్యంతరం లేదు అని సభ్యులు ఒప్పుకున్నారు. మొదటి సంతకం అండాలు. కార్డు రాసిందీ అండాలే. ఇదేంటమ్మా?"

ఇరవై నాలుగు ఇళ్ళూ నా వైపు తిరిగాయి.

"లైటు కోసమన్నరు గదా!" అంది జానమ్మ. "అండాలక్క చదివిందనే గదా మేం వేలేసినం!"

"చదివింది" అన్నాడు సిద్దిరాములు తాపీగా. "తల గూడ ఊపింది. అడుగుండ్రి."

చదివానంటే బాట పోతుంది. చదవలేదంటే నా పరువు పోతుంది. బాటతో పాటు పోయేది చెల్లెలు. లెక్క తేలికే.

"సారు, ఆ కాగితం జర ఇయ్యుండ్రి" అన్నాను. తీసుకుని అందరూ చూసేట్టు పట్టుకున్నాను. "గిండ్ల శ్రీ ఒక్కటే నాకొచ్చు. నాకు అచ్చు అక్షరాలే వస్తయి. గొలుసుకట్టు రాదు. ఆనాడు రాదని చెప్ప సిగ్గయింది. చదివినట్టు నటించిన. నా వల్లనే అందరు వేలేసిండ్రు. తప్పు నాది."

ఎవరో కిసుక్కుమన్నారు. నేను చెల్లెలి వైపు చూడలేదు.

"చదవకుండ సంతకం వెట్టుడు ఆమె తప్పు సారు" అన్నాడు సిద్దిరాములు. "దానికి రాయేం జేసింది? రాయి ఈడనే ఉండె."

"కాలనీ ప్లాను కాగితం ఏది?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"చెదలు తిన్నది సారు."

"చెదలు గూడ నీ మాటే ఇంటయా అన్నా?" అంది జానమ్మ. జనం గొల్లుమన్నారు.

అప్పుడు నా కళ్ళు మూటల మీదికి పోయాయి. పడుగు! నా కాళ్ళు నాకంటే ముందే ఉరికాయి.

"సారు! ఇది వానల ముందు కట్టిన పడుగు. గది లేవక ముందుది. మా పడుగులన్నీ రాయి నుంచి రాయి దాకే ఉంటయి. పరిచి జూడుండ్రి, రాయి యాడుండెనో అదే చెప్తది!"

ఇన్‌స్పెక్టరు గొడుగు మడిచి చంకలో పెట్టుకున్నాడు. "పరవండి" అన్నాడు.

ఇక చూడాలి ఆ సందడి! నేను తూర్పు రాయికి కొస కట్టాను. ధర్మయ్య చుట్ట విప్పుతూ పరుగెత్తాడు, యాదలక్ష్మి వెంట పడింది, ఆడవాళ్ళు వెదురు బద్దలు గుచ్చుతూ పడుగు నేల తాకకుండా పట్టుకున్నారు. పదిహేను, ఇరవై, ఇరవై రెండు. పడుగు గోడ దాకా వచ్చింది. ధర్మయ్య చేతిలో ఇంకా చుట్ట మిగిలే ఉంది.

"యాదలక్ష్మి కావాలని పొడుగు కట్టింది!" అని అరిచాడు సిద్దిరాములు.

"అయితే మా ఇంట్లది తెస్త!" జానమ్మ ఉరికింది. బర్రె తొక్కాక మిగిలింది కాదు, వేరేది, అదీ వానల ముందుదే. దాన్నీ పక్కనే పరిచారు. అదీ గోడ దగ్గరే ఆగింది, అంతే మిగిలింది.

"గదిలోకి తీసుకెళ్ళండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

గది తలుపు తీసింది సిద్దిరాములు భార్య గుర్వమ్మ. రెండు పడుగులు గడప దాటి లోపలికి పోయాయి. చాప పరిచిన మూల దగ్గర రెండు కొసలూ ఒకేచోట అయిపోయాయి. సిద్దిరాములు చాప మీదికి వచ్చి నిలబడ్డాడు.

గుర్వమ్మ భర్త వైపు చూసింది. తర్వాత పడుగు వైపు చూసింది. ఆమె కూడా మా లాగే చిటికి కట్టే మనిషి. వానాకాలమంతా పడుగు పరిచే చోటు లేక ఆమె మగ్గం కూడా ఖాళీగానే ఉంది.

"జర జరుగు" అంది భర్తతో. "సారు, గీ చాప కింద నేల ఎన్నిసార్లు అలికినా కుంగుతనే ఉన్నది. ఏందో చూడుండ్రి."

ధర్మయ్య గడ్డపార తెచ్చాడు. రెండు పోట్లు మట్టి, మూడో పోటు ఖంగుమంది. విరిగిన రాతి మొదలు! పై సగం గోడ కిందికి పోయింది, కింది సగం పెకలక అక్కడే ఉండిపోయింది. కాలనీకి కాలనీ ఒక్కసారి కేక వేసింది. సిద్దిరాములు కుర్చీ వెతుక్కున్నాడు. కుర్చీ బయట ఉంది.

ఇన్‌స్పెక్టరు బయటికి వచ్చి పెన్ను తీశాడు. గది తొలగించాలి, రాయి పాత చోట నిలపాలి, పదిహేను రోజుల్లో సర్వసభ్య సమావేశం పిలిచి కొత్త ప్రెసిడెంటును ఎన్నుకోవాలి, అప్పటిదాకా సిద్దిరాములు సంఘం ముద్ర ముట్టకూడదు అని చెబుతూ రాయసాగాడు.

"సారు" అన్నాను. "విడివిడి అక్షరాల్ల రాయుండ్రి. నేను చదివినంకనే సంతకం వెడత."

ఆయన తలెత్తి చూశాడు. రాసింది కొట్టేసి, కొత్త కాగితం తీసి, బడి పలక మీద రాసినట్టు మొదలుపెట్టాడు.

అప్పుడే బస్సు హారను మోగింది.

పరుగున చెల్లెలి ఇంటి ముందుకు వచ్చాను. కండక్టరు మూటల దగ్గర నిలబడి అరుస్తున్నాడు. కానీ యాదలక్ష్మి అక్కడ లేదు. గది లోపల, విరిగిన రాతికి తన పడుగు కొస కట్టి, రెండు చేతులా బిగించి పట్టుకుని ఉంది. జానమ్మ అప్పటికే గంజి కుండ ఎత్తుకొచ్చి కుంచె ముంచింది.

"అమ్మా, బస్సు!" అన్నాడు ధర్మయ్య.

"గంజి వెట్టిన పడుగు ఆరకముందు ఇడుస్తరారా? చేతులు గుంజుతున్నయి, ఇటొచ్చి పట్టు!"

ధర్మయ్య మూటల వైపు చూశాడు, పడుగు వైపు చూశాడు. కండక్టరుకు చెయ్యి ఊపి, లోపలికి వెళ్ళి కొస పట్టుకున్నాడు. బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది.

నేను తూర్పు రాయి దగ్గర కూర్చుని కాగితం ఒళ్ళో పెట్టుకున్నాను. "స... భ్యు... లం... ద... రి..." ఒక్కో అక్షరం వేలితో తాకుతూ గట్టిగా చదువుతున్నాను. కాలనీ అంతా వింటోంది. సారు గడియారం చూసుకుంటున్నాడు.

"జల్ది చదువు అక్కా!" గది లోంచి యాదలక్ష్మి కేక వినిపించింది. "సాయంత్రం జేస్తవా ఏంది?"

నేను తొందరపడలేదు. పక్కన పడుగు అదురుతోంది.