ఏమైనా వాసన వస్తోందా?

మా ఆయన నన్ను షికారుకు రమ్మన్న రోజే నాకు అనుమానం వచ్చింది.

పెళ్లైన కొత్తలో కూడా పిలవని మనిషి. కొండదారుల్లో తిరిగే జీపులకు గ్యాస్ అమర్చడం ఆయన పని. పెట్రోలు ఇంజనుకు వెనక ఒక గ్యాస్ ట్యాంకు, దాన్నుంచి సీట్ల కిందుగా ముందుకు పోయే రాగి గొట్టం, ఆ గ్యాస్‌ను ఆవిరి చేసి ఇంజనుకు అందించే డబ్బా, ఇవన్నీ బిగించి ఇస్తారు. షెడ్డు మా ఇంటిని ఆనుకునే ఉంటుంది. అందులోకి దూరారంటే అన్నం వేళకు నేను గొంతు చించుకోవాలి. అలాంటి మనిషి, వానాకాలంలో తనను మంచం పట్టించిన జ్వరం తగ్గాక ఒక సాయంత్రం గుమ్మంలో నిలబడి, గ్రీజు చేతులు తుడుచుకుంటూ, "ఏమే, అలా జీపులో ఓ చుట్టు తిరిగొద్దామా?" అన్నారు.

"ఎవరి జీపు?"

"ఎవరిదైతే ఏంటి? పని అయిపోయింది. రా."

వెళ్లాను. ఎక్కడికి తీసుకెళ్లారనుకున్నారు? షెడ్డు వెనక రాళ్లు, గోతులు ఉన్న ఖాళీ జాగాకి! ఒక చక్రం రాయి మీదికి ఎక్కిస్తారు, దించుతారు, మళ్లీ గోతిలో దింపుతారు. నా నడుము ఏ కీలుకా కీలు ఊడింది. పోనీ ముందు సీట్లో కూర్చోబెట్టారా అంటే అదీ లేదు. వెనకాల, ట్యాంకు పక్కన, గోనె మూటను పడేసినట్టు. పైగా మాటిమాటికీ వెనక్కి తిరిగి ఒకటే ప్రశ్న.

"ఏమైనా వాసన వస్తోందా?"

వాసనా? ఏం వాసన? అప్పుడే నా బుర్రలో పురుగు దొలవడం మొదలైంది. నా ముక్కు సంగతి ఆయనకు బాగా తెలుసు. పుట్టింట్లో నన్ను పోలీసుకుక్క అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది మా తమ్ముడు. వాడు మొట్టమొదటి సిగరెట్టు పెరట్లో కాలిస్తే నేను వంటింట్లోంచి పట్టేశాను. అలాంటి ముక్కును వెంటేసుకుని, బండిలో వాసన వస్తోందా అని అడుగుతున్నారంటే అర్థమేంటి? ఆ సీట్లో నాకంటే ముందు ఎవరో కూర్చున్నారు. ఆవిడ పూసుకున్న సెంటు ఇంకా ఉందో పోయిందో నా చేతే చూపించుకుంటున్నారు!

అవును, నాకు ముక్కు మీద కోపం. కాదనను. కానీ ఊరికే అనుమానించే మనిషిని కాను. ఆ రోజు నుంచి ఒక కన్ను ఆయన మీదే వేసి ఉంచాను. సబ్బులు కరిగిపోతున్నాయి. కొత్త బిళ్ల పెట్టీ పెట్టగానే అరిగి పలకలా అయిపోతోంది. గ్రీజులో పుట్టి గ్రీజులో పెరిగిన మనిషికి ఉన్నట్టుండి ఇంత శుభ్రం ఎందుకు? నేను కొత్త పౌడరు రాసుకుని ఆయన పక్కనుంచి రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. కూర అడుగంటినా లొట్టలేసుకుంటూ తిని, "బాగుందే" అన్నారు. అంత మంచితనం ఎప్పుడూ లేదు.

పక్కింటి టైలరమ్మతో నోరు జారాను. ఆవిడ కుట్టు ఆపేసి, సూది జాకెట్టులోనే వదిలేసి, "షికారంటున్నాడా? సబ్బు అరగదీస్తున్నాడా? అయ్యో పిచ్చిదానా" అని బుగ్గ నొక్కుకుంది. ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు.

సొంత బాధ చాలదన్నట్టు మా తమ్ముడి జీపు షెడ్డులోకి వచ్చింది. వాడు కొండ మీద టవరు పనికి మనుషుల్ని చేరవేస్తాడు. పేరుకే దారి, అంతా రాళ్లే. ఆ జీపుకు గ్యాస్ బిగించమని బావ చేతిలో పెట్టాడు. బావ అంటే వాడికి అంత గురి. నాకేమో గుండెల్లో రాయి పడింది. మనసు ఇంకెక్కడో ఉన్న మనిషి ఒక్క నట్టు సరిగ్గా బిగించకపోతే? వీడి నోట్లో సిగరెట్టు లేనిదే గేరు పడదాయె!

"మా తమ్ముడి బండి. మనసు పెట్టి చెయ్యండి," అన్నాను.

"ఎప్పుడు పెట్టలేదు?" అన్నారు. నా మొహం చూడకుండా అన్నారు.

బిగింపు పూర్తయిన రోజు మళ్లీ షికారు. వెనక సీటు, రాళ్లు, గోతులు అంతా మామూలే. ముందురోజు నుంచీ నాకు రొంప. తల దిమ్ముగా ఉంది, చిరాకుగా ఉంది. అయినా ఏం దొరుకుతుందో చూద్దామని ఎక్కాను.

"ఏమైనా వాసన వస్తోందా?"

"రావట్లేదు."

"సరిగ్గా చూశావా?"

"చూశాను లెండి. ఎవరి వాసనా లేదు. మీరు నిశ్చింతగా ఉండండి."

ఆయనకు నా ఎత్తిపొడుపు ఎక్కలేదు. హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలారు. ఆ ఊపిరి చూసి నా అనుమానం ఇంకాస్త బలపడింది. సాయంత్రం తమ్ముడు వచ్చి బండి తీసుకెళ్లాడు.

మర్నాడు పొద్దున నీళ్లు పోసుకుంటుంటే దిబ్బడేసిన ముక్కు ఒక్కసారి తెరుచుకుంది. తెరుచుకోగానే గుప్పున కొట్టింది. కుళ్లిన ఉల్లిపాయల్లాంటి కంపు. గ్యాస్! తడి చీర చుట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. గ్యాస్ మాత్రం బుసబుసా వస్తూనే ఉంది. మా ఆయన పొయ్యికి చెయ్యి చాపితే అందేంత దగ్గర స్టూలు మీద కూర్చుని, కిటికీ వైపు తిరిగి, రేడియో పెద్దగా పెట్టుకుని పేపరు చదువుతున్నారు!

పొయ్యి కట్టేసి, కిటికీలు బార్లా తెరిచి, ఆయన్ని జబ్బ పట్టుకుని బయటికి లాగాను.

"మీ ముక్కు ఎక్కడ తాకట్టు పెట్టారండీ? ఇల్లంతా గ్యాస్! ఊరందరికీ గ్యాస్ బిగించే మనిషికి ఆ మాత్రం తెలియలేదా?"

ఆయన గుమ్మంలోంచి పొయ్యి వైపు చూశారు. ఆ మొహం చూస్తే నా నోరు దానంతటదే మూతపడింది. లోపలికి వెళ్లి ఫినాయిలు సీసా తెచ్చి, మూత తీసి ఆయన ముక్కు కింద పెట్టాను. కళ్లు చెమ్మగిల్లాయి తప్ప మొహంలో ఏ మార్పూ లేదు. నీళ్ల సీసా పెట్టినా అలాగే ఉండేవారు.

"ఎప్పటి నుంచి?"

"జ్వరం వచ్చినప్పటి నుంచి. వస్తుంది, వస్తుంది అనుకున్నా. రాలేదు."

అప్పుడు తెలిసింది సబ్బులు ఏమైపోతున్నాయో. ఇదివరకు ముక్కుతో పట్టి ఏ అతుకు కారుతోందో చెప్పేవారు, అక్కడే సబ్బు నురగ వేసేవారు. ఇప్పుడు ప్రతి అతుకుకూ వేస్తున్నారు. బుడగ లేస్తే కారుతున్నట్టు. కానీ జీపు చదునుగా నిలబడి ఉన్నప్పుడు అన్నీ బిగువుగానే ఉంటాయట. ఒక చక్రం రాయి మీదికెక్కి బండి మెలిక పడ్డప్పుడే గొట్టం గుంజుకుని అతుకు దగ్గర సందు పడుతుంది. కదిలే బండికి నురగ వెయ్యలేరు కదా! దానికి మనిషి ముక్కు కావాలి. అందుకే నన్ను ట్యాంకు పక్కన కూర్చోబెట్టారు.

"నాతో చెప్పి చావచ్చుగా!"

"నీ నోట్లో మాట దాగుతుందా? టైలరమ్మకు తెలిస్తే వీధికి తెలిసినట్టే. వాసన తెలియనివాడికి ఎవరు బండి ఇస్తారు?"

కోపం, జాలి, సిగ్గు అన్నీ కలిసి ఏడుపొచ్చింది నాకు. నేను ఎవరి సెంటో వెతుక్కుంటూ ఇన్ని రోజులు చచ్చాను. ఆయన మాత్రం నా ఏడుపు చూడటం లేదు. ఏదో లెక్క తేలని మనిషిలా నా ముక్కు వైపే చూస్తున్నారు. అప్పటికే ఎర్రగా కందిపోయి ఉంది.

"నిన్న మీ తమ్ముడి జీపులో నీకు నిజంగానే ఏ వాసనా రాలేదు కదా?"

"నిన్న నాకు రొంప అండీ," అన్నాను.

తమ్ముడికి ఫోన్ కలవలేదు. కొండ ఎక్కితే ఎవరి ఫోనూ కలవదు. ఆయన సబ్బునీళ్ల సీసా, రెండు పానాలు సంచిలో వేసుకుని మోటారుసైకిలు తీశారు. వెనక కూర్చుని దారి పొడుగునా వాడి సిగరెట్ల గురించే ఆలోచించాను. చిన్నప్పుడు వాడి వీపు విమానం మోత మోగించాను గానీ, మాన్పించలేకపోయాను.

దారి విరిగే మలుపు దగ్గర జీపు కనిపించింది. ముందు చక్రం బండరాయి మీద ఉంది, బండి ఒక పక్కకు ఒరిగి ఆగి ఉంది. దుమ్ము పడకుండా గుడ్డ తెరలు నాలుగు వైపులా కట్టేసి ఉన్నాయి. టవరు మనుషులు దిగి బండిని ఆనుకుని ఒకటే నవ్వులు. తమ్ముడి పెదాల మధ్య సిగరెట్టు ఉంది, చేతిలో అగ్గిపెట్టె ఉంది.

"పారెయ్‌రా!" అని నేను అరిచిన అరుపుకు అగ్గిపెట్టె దానంతటదే జారిపడింది.

"ఏంటక్కా, ఇక్కడికి కూడా వాసన పట్టుకుంటూ వచ్చేశావా?" అన్నాడు. "ఇదిగో, వీడు ఇందాకటి నుంచి బండిలో కంపు, కంపు అని గోల. వీడి మేజోళ్ల కంపే అని దింపేశాం."

మా ఆయన నవ్వలేదు. అందరినీ దూరంగా పొమ్మని తెరలు ఎత్తి కట్టారు. గాలి ఆడిందాకా ఆగి నన్ను పిలిచారు. నేను వెనక నుంచి ఎక్కి, వంగి, ట్యాంకు దగ్గర నుంచి మెల్లగా పీల్చుకుంటూ వచ్చాను. నేలకు దగ్గరగా, సీటు కాలు పక్కన, ఆ కంపు.

"ఇక్కడ."

ఆయన నురగ వేశారు. అతుకు చుట్టూ బుడగ ఉబ్బింది, పగిలింది, మళ్లీ ఉబ్బింది. నట్టు బాగానే ఉంది. గొట్టాన్ని పట్టి ఉంచే క్లాంపు అతుకుకు మరీ దగ్గరగా వేశారు. బండి మెలిక పడితే గొట్టానికి చోటు లేదు. ట్యాంకు కట్టేసి, క్లాంపు విప్పి వెనక్కి జరిపారు. అతుకు మళ్లీ బిగించి, ట్యాంకు తెరిచి నురగ వేశారు. బుడగ లేవలేదు.

తమ్ముడు నవ్వడం ఎప్పుడో మానేశాడు. "బావా, ఇది నిన్న చూడలేదా?"

నేను ఏదో ఒక కథ అల్లేద్దామని నోరు తెరిచాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"నాకు వాసన తెలియదురా. జ్వరం నుంచి. మీ అక్కను కూర్చోబెట్టి చూస్తున్నా. నిన్న దానికి రొంప. ఆ సంగతి నేను అడగలేదు. తప్పు నాదే."

టవరు మనుషులంతా విన్నారు. ఇన్నాళ్లూ నా దగ్గర కూడా దాచిన మాట కొండ మీద పదిమందిలో చెప్పేశారు. తమ్ముడు ఆయన్ని చూసిన చూపు నాకు కొత్త కాదు. ఇన్ని రోజులుగా అద్దంలో చూసుకున్న అనుమానమే.

"మరి ఇప్పుడు బాగైనట్టేనా?" అన్నాడు.

ఆయన నా వైపు తిరిగారు. "ఏమైనా వాసన వస్తోందా?"

ఈసారి తొందరపడలేదు. బోర్లా పడుకుని, జీపు ఇనుప నేలకు చెంప ఆనించి, గొట్టం పొడుగునా పీల్చాను. గ్రీజు, దుమ్ము, రబ్బరు.

"లేదు."

"నిజంగా?"

ఇంకో రోజైతే ఆ మాటకు ఆయన పని పట్టేదాన్ని. "నిజంగా లేదండీ," అన్నాను.

అయినా తమ్ముడు ఎక్కలేదు. తాళంచెవి వేలికి తిప్పుకుంటూ నిలబడ్డాడు. టవరు మనుషులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మా ఆయన వెనక ఎక్కి ట్యాంకు పక్కన కూర్చున్నారు. "నువ్వు దిగవే. పైదాకా నేను వెళ్తాను."

"మీరు కూర్చుని ఏం పీలుస్తారు? జరగండి," అన్నాను.

ఎవడో కిసుక్కుమన్నాడు. తమ్ముడు నా దగ్గరకు వచ్చి సిగరెట్టు పెట్టె నా ఒళ్లో పడేశాడు. తరవాత వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే ఎక్కారు, మేజోళ్ల మనిషి అందరికంటే ఆఖర్న ఎక్కాడు.

జీపు రాయి మీంచి దిగి, ఇంకో రాయి ఎక్కింది. బండి మెలిక పడ్డ ప్రతిసారీ అందరూ ఊపిరి బిగపట్టారు. నేను మాత్రం గుండెల నిండా పీల్చాను. పీల్చిన ప్రతిసారీ ఆయన నా మొహం వంక చూశారు, నేను తల అడ్డంగా ఊపాను.