ఇంటికి ఫోన్ చేయకుండా రాయకూడదు

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఆ చారెడు కళ్ళు కొలిచి పేపర్లో పెట్టే ఉద్యోగం నాది. ఎవరు పోయినా నివాళి నేనే రాయాలి. ఊరికే పొగిడి వదిలేసే రకాన్ని కాను. ఇంటికి ఫోన్ చేసి, వాళ్ళకి మాత్రమే తెలిసిన చిన్న సంగతి ఒక్కటైనా అడగందే పెన్ను కదపను. అదీ నా నియమం. పోయినాయన గడ్డం గీసుకుంటూ ఈల వేసేవాడనో, పోయినావిడ చదివిన పుస్తకాన్నే మళ్ళీ మళ్ళీ చదివేదనో చెబుతారు. చెబుతూ ఏడుస్తారు. నేను ఆగుతాను, తొందరపెట్టను.

మొన్న మా ఎడిటర్‌కి ఓ బుద్ధి పుట్టింది. కొత్తగా చేరినవాళ్ళకి పాఠం కావాలట, అందుకని ఎవరి నివాళి వాళ్ళే రాసుకురావాలట. "మీరు పెద్దవారు, మీది ముందు చదువుదాం," అన్నాడు. పెద్దవాణ్ణే గానీ ఇంకా పోలేదురా బాబూ, అనుకున్నాను. రాయడం మొదలెట్టాక మాత్రం కలం ఆగితేనా! నిక్కచ్చి మనిషి, మాట మీద నిలబడేవాడు, పరుల కష్టం చెవిన పెట్టేవాడు... నా కళ్ళు చారెడు దాటి చేటంత అయ్యాయి.

నియమం నియమమే కదా. మా ఆవిడకి ఫోన్ చేశాను.

"నేను పోయాననుకో. పేపరువాళ్ళు అడిగితే నా గురించి ఏం చెప్తావ్?"

"ఇవేం మాటలండీ మిట్టమధ్యాహ్నం!" అని తిట్టింది. తర్వాత నవ్వి మొదలెట్టింది. చెప్పుల్లో ఎప్పుడూ ఎడమదే ముందు వేసుకుంటానట. అబద్ధం చెప్పేటప్పుడు కళ్ళజోడు తుడుస్తానట. వాన పడితే కిటికీ దగ్గర నిలబడి, ఎవరో అడిగినట్టు "పడుతోంది" అంటానట. రాసుకోలేక నా చెయ్యి నొప్పెట్టింది.

"సరే, ఇప్పుడు నా గురించి మీరు చెప్పండి," అంది.

"నీకేం, నువ్వు... సహనశీలివి."

అటువైపు నవ్వు ఆగిపోయింది.

"పోయినవాళ్ళ గురించి ఇంట్లోవాళ్ళకి ఏమీ తెలియనప్పుడు మీరు నివాళిలో వేసే మాట కదండీ అది! భోజనాల దగ్గర మీరే చెప్పారు."

ముక్కూమొహం తెలియనివాళ్ళ ఈలలన్నీ గుర్తున్నాయి నాకు. ఈవిడ గురించి ఎంత వెతుక్కున్నా ఒక్కటీ దొరకలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. మాట మార్చాలని, "ఏంటా నీళ్ళ చప్పుడు? కొళాయి కట్టెయ్," అన్నాను.

"కొళాయేంటి! ఈతకొలను దగ్గరున్నాను. ఏడాదిగా నేర్చుకుంటున్నా కదా. చేరిన రోజే చెప్పాను. ఊఁ అన్నారు."

ఊఁ అన్నానట. అప్పుడు ఎవరి ఈల గురించో ఆలోచిస్తూ ఉండుంటాను. తడి జుట్టుతో ఎన్నిసార్లు నాకు ఎదురుగా కూర్చుని భోంచేసిందో! నేను పేపరు అడ్డం పెట్టుకుని తిని ఉంటాను. తప్పు నాదే, ఎటు తిప్పి చూసినా నాదే.

"ఆ చివర్నుంచి ఈ చివరికి ఆగకుండా వచ్చేస్తావా?" అని అడిగాను. నా గొంతు నాకే తేడాగా వినిపించింది. పోయినవాళ్ళ ఇళ్ళకి ఫోన్ చేసినప్పుడు వాడే మెత్తటి గొంతు అది.



"పేపరు కోసమా అండీ?" అంది.